మా రోజుల్లో సున్నానికి టికెట్టు లేదు

కరక్కాయలు నానేసిన నీళ్ళల్లో బెల్లం కరగబెట్టి సున్నంలో పోస్తే గోడ గట్టిగా నిలుస్తుందన్న సంగతి తెలుసుకోవడానికి ఇప్పుడు జనం టికెట్టు కొనుక్కుని మేళాలకు పోతున్నారు. ఇదే సంగతి బతుకంతా చెప్పిన మా నాయనకు ఎవరూ ఒక లోటా కాఫీ కూడా పోయించలేదు. బెంగళూరులో జరిగిన అట్లాంటి మేళా ఒకదానికి మా మనవడు నన్ను బలవంతాన తీసుకుపోయినాడు. పాత కట్టడాలను కాపాడేదెట్ల, వాటిని బాగుచేసే పనితనాలు ఏమేమి, సరుకు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ఒక్కచోట చూపిస్తారంట. "తాతా, ఇదంతా నీ సబ్జెక్టే" అన్నాడు. నేను తాపీ పట్టుకున్న రోజుల్లో దాన్నెవరూ సబ్జెక్టు అనలేదు. కూలి అన్నారు.

లోపల ఏసీ. సున్నానికి ఏసీ ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒక స్టాలులో నానిన సున్నాన్ని ప్లాస్టిక్ డబ్బాలకెత్తి కిలో లెక్కన అమ్ముతున్నారు. డబ్బా మీద గానుగ బొమ్మ, దానికి కట్టిన ఎద్దు బొమ్మ. ఆ ఎద్దు మెడ మీద కాడి లేదు, తాడేమో తోక పక్కనుంచి పోతోంది. వేసినోడు ఎద్దును దగ్గరగా చూసి ఉండడు. ఇంకో స్టాలులో మా అవ్వ పప్పు రుబ్బినట్లాంటి రోలును పీట మీద పెట్టి, పైన చిన్న లైటు వేసి, 'ముట్టుకోవద్దు' అని చీటీ అంటించినారు. రోలును ముట్టుకోకుండా ఏం చేయాలంట?

ఆ పక్కన మరక పడని ఏప్రాను కట్టుకున్న పిల్లోడొకడు నన్ను చూసి జాలిపడి పాఠం మొదలుపెట్టినాడు. "తాతగారూ, మీ కాలంలో సిమెంటు ఉండేది కాదు కదా, అందుకే సున్నం వాడేవాళ్ళు" అన్నాడు.

సిమెంటు ఉండకపోవడమేమి? నేను పనిచేసింది కోలారు బంగారు గనుల్లో, అదే కేజీఎఫ్‌లో, బిల్డింగు పనుల్లో. గనుల్లోకి సిమెంటు మూటలు వ్యాగన్లకొద్దీ దిగేవి. బంగారుపేట నుంచి మారికుప్పం దాకా 1894లోనే రైలు వచ్చిన ఊరది. సిమెంటు చేతిలో ఉండి కూడా పైన బంగళాల గోడలకు మా మేస్త్రులు సున్నమే ఎందుకు అడిగేవాళ్ళో, ఆ పిల్లోడు అడగాల్సిన ప్రశ్న అది. అడగలేదు. నేనే చెప్పబోతే, "ఒక్క నిమిషం తాతగారూ" అని సెల్ఫీ తీసుకునే గుంపు దగ్గరికి పోయినాడు. అందుకే ఇక్కడ చెబుతున్నా.

మా గనులు కిందికి మూడు కిలోమీటర్లు దాటి పోయినాయి. చాంపియన్ రీఫ్ అయితే ప్రపంచంలోకెల్లా లోతైన గనుల్లో ఒకటి. అంత లోతున తవ్విన ఖాళీ మీద పైనున్న కొండంత బరువు పడితే రాయి ఊరుకోదు, పేలుతుంది. ఇంజినీర్లు దాన్ని రాక్‌బర్స్ట్ అని రాసుకునేవాళ్ళు, జనం నోట్లో మాత్రం అది ఎయిర్‌బ్లాస్టే. పెద్దది వస్తే పైన ఊళ్ళో, రాబర్ట్‌సన్‌పేటలో కూడా అలమర్లో గిన్నెలు గలగలమనేవి. ఇళ్ళల్లో ఆడవాళ్ళు పొయ్యి దగ్గర నుంచి లేచి వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్ళు. నేల అదిరిందని కాదు, కింద ఆ షిఫ్టులో ఎవరున్నారో అని. లోపల తవ్విన జాగాల్లో చెక్కిన గ్రానైటు రాళ్ళతో గోడలు పేర్చి పైకప్పును ఆపేవాళ్ళు. ఆ రాయి కొట్టినోళ్ళు, పేర్చినోళ్ళు ఎవరన్నది ఏ మేళాలోనూ ఎవరూ చెప్పరు, అది చూడటానికి టికెట్టు కొన్నా దిగే దారి లేదు, ఇప్పుడంతా నీళ్ళు.

అట్లా ఎప్పుడూ వణికే నేల మీద సిమెంటు గోడ కడితే ఏమవుతుంది? మొండిగా నిలబడుతుంది, నిలబడి నిలబడి ఒక్కసారిగా మూల నుంచి మూలకు చీలుతుంది. సున్నపు గోడ కొంచెం సర్దుకుంటుంది. సన్న పగులు పడితే వాన తేమకు లోపలి సున్నమే కొద్దికొద్దిగా కరిగి వచ్చి పగుల్లో పేరుకుని గట్టిపడుతుంది. తన గాయం తానే మానుపుకునే గోడ అది. మా నాయన దీన్ని పుస్తకంలో చదవలేదు. పోయినేడు తాను గీత గీసి తేదీ రాసిన పగులు ఈ ఏడు మూసుకుపోయి ఉండటం చూసి తెలుసుకున్నాడు.

గీత గీయడం, తేదీ రాయడం, మళ్ళీ ఏడాదికి వచ్చి చూడటం. మా పని మొత్తం ఇదే. ఇప్పుడు దీనికి పెద్ద పేర్లు పెట్టి కోర్సులు పెట్టినారు. పెట్టుకోనీ. నా గొణుగుడు కోర్సుల మీద కాదు. మళ్ళీ ఏడాదికి వచ్చి చూసే మనిషికి జీతమిచ్చేదెవరన్నదాని మీద.

గనులు తవ్వే జాన్ టేలర్ కంపెనీ 1880లో ఇక్కడ కాలు పెట్టింది. దొరల కోసం ఊరిగాం పక్క బంగళాలు, క్లబ్బు, ఆస్పత్రి, చర్చీలు లేచినాయి. 1902లో శివనసముద్రం నుంచి గనులకు కరెంటు వచ్చింది, బెంగళూరు కంటే ముందు మేము దీపాలు చూసినాం. చలిగాలి, గులాబీ తోటలు, పెంకుల కొప్పులు చూసి దీన్ని చిన్న ఇంగ్లండు అన్నారు. ఆ ఇంగ్లండు బాగానే ఉండేది, పక్కనే కూలీల లైన్లు మాత్రం వెదురు తట్టీల గుడిసెలు. ఉత్తరార్కాడు నుంచి, సేలం నుంచి తమిళం వాళ్ళు, చిత్తూరు పక్క నుంచి మన తెలుగువాళ్ళు ఆ తట్టీల్లోనే పిల్లల్ని కన్నారు. బంగళా గోడకు ఏడాదికోసారి మేము వెల్ల వేసేవాళ్ళం, మా తట్టీకి మట్టి మెత్తుకునేది మా అమ్మే. ఈ మాట ఎందుకంటే, మేళాలో బంగళాల ఫొటోలు పెద్దపెద్దవి పెట్టినారు. తట్టీ ఫొటో ఒక్కటీ లేదు. పాతది అనగానే మంచిది అనుకునేవాళ్ళతో నేను కలవలేను. పాతకాలం గొప్పది కాదు. పాతకాలపు పని గొప్పది. ఆ రెండూ కలిపేస్తే ముసలోణ్ణి నాకే కోపం వస్తుంది.

పని ఎట్లుండేదో ఒక్కటి చెబుతా. మద్రాసు టెర్రస్ అని పాత మిద్దె ఉంటుంది, బంగళాల వరండాల మీద చూసి ఉంటారు. టేకు వాసాలు దగ్గరదగ్గరగా వేసి, వాటి మీద బొటనవేలంత మందం చిన్న ఇటుకలను నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చుకుంటూ పోవాలి. కింద ఆధారం పలకలు ఉండవు. ఇటుకకు ఇటుక పట్టుకుని నిలబడాలి, చేతివాటం తప్పితే నెత్తిన పడుతుంది. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపి జానెడు ఎత్తు పరుస్తారు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ఆడవాళ్ళు వరసగా గొంతుకూర్చుని, చేతి పిడి ఉన్న చెక్క పలకలతో దాన్ని కొడుతూ పోతారు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు. కరక్కాయ బెల్లం నీళ్ళు చల్లుతూ, పాడుకుంటూ, ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్ళీ ఆ చివర నుంచి ఈ చివరకు. మొదటి రోజు పలక కొడితే చప్ చప్ మని తడి శబ్దం. రోజులు గడిచేకొద్దీ శబ్దం మారుతుంది. చివరికి పలక దిగబడదు, ఎగిరి వెనక్కి వస్తుంది, ఠంగుమంటుంది. అప్పుడు మేస్త్రి పైకి రాకుండానే కింద నుంచి విని "చాలమ్మా, దిగండి" అనేవాడు. మా మేస్త్రికి ఒక చెవి సరిగా వినపడేది కాదు, అయినా ఆ ఠంగుమనే శబ్దం మాత్రం ఏ మూలన ఉన్నా పట్టేవాడు.

ఆ ఆడవాళ్ళ పేర్లు బట్వాడా పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవు. శనివారం బట్వాడా, ఆదివారం ఆండర్సన్‌పేట సంత. ఇప్పుడు మేళాలో 'హెరిటేజ్ రూఫ్' అని అద్దాల పెట్టెలో నమూనా పెట్టినారు. అందులో మనుషుల బొమ్మలు లేవు.

మేళాలు మాకు లేకేం. శివరాత్రి మరుసటి రోజు ఆవనిలో రామలింగేశ్వరుడి తేరు. నోలంబ రాజుల కాలం గుళ్ళు వరసగా ఉన్న ఊరు, లవకుశులు పుట్టింది అక్కడే అంటారు, కొండమీద సీతమ్మ గుడి. తేరుకు ముందూ వెనకా పశువుల జాతర. దిగంతం దాకా ఎద్దులే. అయితే అక్కడికి ఎద్దుల కోసమే పోయేవాళ్ళం కాదు. జాతరలో ఒక పక్క బండి చక్రాలు చేసే ఆచార్లు, ఒక పక్క కొలిమి పెట్టుకున్న కమ్మరులు, రోళ్ళూ తిరగళ్ళూ పరిచిన రాతిపని వాళ్ళు. చక్రం కొనాలంటే దాన్ని దొర్లించి చూసేవాళ్ళు. రోలు కొనాలంటే చెవి పెట్టి తట్టి వినేవాళ్ళు, లోపల పగులుంటే గొంతు బొంగురు పోతుంది. ఇవన్నీ అమ్మకాలు. అసలు వ్యాపారం చెట్ల కింద జరిగేది. ఏదో ఊరి గుడి పెద్దలు వచ్చి, "ఆచారీ, మా తేరు ఇరుసు పోయింది, ఉగాదిలోపు కావాల" అనేవాళ్ళు. ఎవరో రెడ్డి వచ్చి, "మిద్దె కారుతాంది మేస్త్రీ, వానలకు ముందు వచ్చి పో" అనేవాడు. అక్కడికక్కడే బయానా. ఆవని నుంచి మా నాయన తిరిగి వచ్చేటప్పుడు ఆషాఢం దాకా పని చేతిలో ఉండేది. చూడటానికి వచ్చినోళ్ళు పదిమంది ఉంటే పని ఇవ్వడానికి వచ్చినోళ్ళు ఇద్దరైనా ఉండేవాళ్ళు.

బెంగళూరు మేళాలో నేను పొద్దుమునిగే దాకా ఉన్నా. ఒక్కరంటే ఒక్కరు ఏ మేస్త్రినీ "మా ఇంటికి రా" అని పిలవలేదు. ఫొటోలు మాత్రం బోలెడు తీసుకున్నారు.

మా అన్న మనవరాలు జర్మనీలో చదువుతోంది. నేను ఈ గొడవ ఫోనులో వెళ్ళబోసుకుంటే, అక్కడి మేళా ఒకటి వీడియో తీసి పంపింది. లైప్జిగ్ అనే ఊళ్ళో 'డెంక్‌మాల్' అని, 1994 నుంచి రెండేళ్ళకోసారి పెడతారంట. పాత కట్టడాల మరమ్మతుకు యూరపులో పెద్ద సంత అదేనంట. చూసినా. ఒప్పుకోక తప్పదు, అది సంత లాగే ఉంది. వడ్రంగి నిలబడి దూలం చెక్కుతున్నాడు, పొట్టు కింద రాలుతోంది, ఎవరూ ఊడ్వడంలేదు. రాతిపనివాడి స్టాలు మీద వాడి పేరే ఉంది. చర్చీల వాళ్ళు, మునిసిపాలిటీల వాళ్ళు, పాత ఇల్లు ఉన్న ఆసాములు వచ్చి బేరమాడుతున్నారు. అక్కడ పాత కట్టడమని రిజిస్టరులో ఎక్కిన ఇంటిని బాగుచేసుకుంటే ఆ ఖర్చుకు ఆదాయపు పన్నులో తగ్గింపు ఉందంట. పనివాడు పరీక్ష పాసై మైస్టర్ అనిపించుకుంటే సొంతంగా కొట్టు పెట్టుకుని పిల్లలకు నేర్పుతాడంట. అంటే మేళా మొదలయ్యేలోగానే పని పుట్టి ఉంది. మేళా దానికి చోటు చూపిస్తోంది, అంతే.

మనవాళ్ళేమో చోటు చూపిస్తే పని పుడుతుందనుకుంటున్నారు.

పని లేక కాదు. మా జిల్లాలో అడుగడుగునా పాత రాయే. కోలారులో కోలారమ్మ గుడి చోళుల కాలానిది, సోమేశ్వరుడి కల్యాణమంటపం విజయనగరం వాళ్ళది, ఆ కంబాల మీది పని చూస్తే నాలాంటి నోరున్నవాడు కూడా మాట్లాడడు. ఇవి పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి, ఎట్లో నడుస్తున్నాయి. పేరులేని ఊరి గుళ్ళ సంగతే దారుణం. ఊళ్ళో ఎవడికో సైటు మంచి రేటుకు పోయిందంటే ఆ ఏడు దేవుడికి కష్టం మొదలవుతుంది. రాతి కంబాలకు పచ్చటి ఎనామిల్ పెయింటు. పాతకాలపు బండ మీద, శాసనం అక్షరాలున్నా లేకపోయినా, మెరిసే టైల్సు. గోడలకు ఇసుక గాలి కొట్టించి 'శుభ్రం' చేస్తారు. వెయ్యేళ్ళు ఎండకూ వానకూ గట్టిపడిన రాతి పైపొర ఒక్క పూటలో ఊడిపోతుంది, ఆ కింది రాయి ఇక నీళ్ళు తాగడం మొదలుపెడుతుంది. నేను పోయి అడ్డం చెప్పినచోట ఒకాయన, "దేవుడికి చేస్తాండామన్నా, నీకేమి కడుపుమంట?" అన్నాడు. తక్కువకు పాడినవాడికి కాంట్రాక్టు, వాడికి తెలిసింది సిమెంటు, పెయింటు. కరక్కాయ వాడు దగ్గొస్తే నోట్లో వేసుకుంటాడు.

ఓపికగా చేస్తే జరగదా అంటే, జరుగుతుంది. శ్రీశైలం డ్యాం నీళ్ళల్లో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాయి రాయికీ నెంబరు వేసి విప్పి అలంపురంలో మళ్ళీ నిలబెట్టినారు. హనుమకొండ వేయిస్తంభాల గుడి ముందు కల్యాణమంటపాన్ని 2006లో విప్పితే 2024కు మళ్ళీ లేచింది. పద్దెనిమిదేళ్ళు! పేపర్లలో ఆలస్యమని తిట్టినారు. నేనూ తిట్టినా. అయినా లేచింది కదా, ఎనామిల్ పెయింటు లేకుండా లేచింది.

ముళబాగిలు పక్కన కురుడుమలె పోయినారా? అక్కడి వినాయకుడు ఏకశిల, పదమూడు అడుగుల పైనే. అక్కడికి అందరూ పోతారు. నాలుగడుగులు వేస్తే సోమేశ్వరుడి గుడి, అక్కడికి తక్కువ మంది పోతారు. ఆ గుడిని ఒక సగం జక్కనాచారి, ఇంకో సగం ఆయన కొడుకు డంకణ చెక్కినారని మా పక్క కథ. చరిత్రకారులు నవ్వనీ, ఆ సగానికీ ఈ సగానికీ చెయ్యి వేరని నాకూ కనిపిస్తుంది, ఒక పక్క పని కొంచెం తొందరగా, కొంచెం సోకుగా ఉంటుంది. కుర్రచెయ్యి. నా చిన్నప్పుడు మా నాయన నన్ను అక్కడ నిలబెట్టి, తండ్రి ఏది, కొడుకు ఏది చెప్పమని అడిగేవాడు.

ఇప్పుడు కొడుకులందరూ తెల్లారకముందే మారికుప్పంలో బెంగళూరు రైలెక్కుతారు. 2001 ఫిబ్రవరి ఆఖరున గనులు మూసేసినాక మా ఊరికి మిగిలిన పెద్ద షిఫ్టు ఆ రైలే. పిల్లల్ని నేను అననులే. వాళ్ళకు అక్కడ నెలకు జీతం పడుతుంది. మేస్త్రి కొడుకు వైట్‌ఫీల్డులో సెక్యూరిటీ గార్డుగా నిలబడి, లోపల 'పాతకాలపు సున్నపు గోడల రెస్టారెంటు' కడుతుంటే గేటు తీసి మూస్తున్నాడు. ఆ గోడ పూసేది ఎవరంటే, ఇంటర్నెట్లో చూసి నేర్చుకున్న ఇంకెవరో.

అట్లని చేతిపని అంతా చచ్చిపోయిందనను. మాలూరు తాలూకా శివారపట్నం పోయి చూడండి. వీధి మొత్తం ఉలి చప్పుడే. కృష్ణశిల, పంచలోహం, ఏ దేవుడు కావాలంటే ఆ దేవుడు. ఇప్పుడు గ్రైండరు గీ మంటుంది, దుమ్ము పోకుండా ముక్కుకు గుడ్డ కట్టుకోవడం కూడా చేతకాదు కుర్రోళ్ళకు. కొన్ని చోట్ల కంప్యూటరు మిషను దేవుడి ముక్కు చెక్కుతోంది. అది చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా ఆ ఊరు ఎందుకు బతికి ఉంది? ఎవరూ ప్రదర్శన పెట్టినందుకు కాదు. కొత్త గుడి కట్టే ప్రతివాడికీ విగ్రహం కావాలి కాబట్టి. ఆర్డరు పుస్తకం నిండుగా ఉంటే శిల్పి కొడుకు శిల్పే అవుతాడు, రైలెక్కమని బతిమాలినా ఎక్కడు. పాత విగ్రహం చెయ్యి విరిగితే అతికే పని మాత్రం ఎవరూ అడగరు. కొత్తది చెక్కించుకుపోతారు.

చెరువుల కథా అంతే. వేల చెరువులున్న జిల్లా. చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు, తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు అన్నది వాడి నోటి లెక్క. కట్టకు ఎలక బొక్క పడితే రాత్రికి రాత్రి పూడ్చేది వాడే. 2018లో బెంగళూరు మురుగు శుద్ధిచేసి కేసీ వ్యాలీ నీళ్ళని మా చెరువులకు తోలినారు. ఎండిన చెరువు నిండితే సంతోషం కాదా, సంతోషమే. కట్ట మీద నడిచి చూసుకునే నీరుగంటికి మాత్రం ఊరు పెట్టే మేర ఆగి ఎన్నాళ్ళయిందో.

కేజీఎఫ్ పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. సినిమా పుణ్యం. 2018లో మొదటిది, 2022లో రెండోది. బంగారం తీసినాక మిగిలిన మా సైనైడు దిబ్బల మీద సెట్టు వేసినారు. రాళ్ళలా కనిపించే ప్లైవుడ్డు, ఇనుములా కనిపించే రంగు. పిల్లలు బళ్ళ మీద వచ్చి, "తాతా, సినిమా తీసింది ఎక్కడ?" అని అడుగుతారు. దిబ్బ చూపిస్తా. పక్కనే నిజం షాఫ్టు ఉంది, మీద చక్రాలు తుప్పు పట్టి ఉన్నాయి, చూడండ్రా అంటే అటు తల తిప్పరు. తుప్పు కొనే వ్యాపారులు మాత్రం తల తిప్పినారు, కిటికీ చట్రాలు, పైపులు, తలుపు గొళ్ళేలు ఒక్కటొక్కటిగా మాయమైనాయి. బంగళాల టేకు వాసాలు ఎవరి డైనింగు టేబుళ్ళయినాయో! మా పక్కనున్న పెద్దపల్లి దగ్గర కోట్ల ఏళ్ళనాటి అగ్నిపర్వతపు రాయికి జాతీయ భూగర్భ స్మారకమని బోర్డు పెట్టినారు. మంచిదే, దానికి మరమ్మతు అక్కరలేదు, ఖర్చూ లేదు.

నన్ను అడిగితే మేళా పెట్టాల్సింది ఊరిగాంలో. ఏసీ వద్దు, టికెట్టు వద్దు. ఒక పడిపోయే వరండా చూపించి, ఇది ఈ మేళాలోనే బాగుచేస్తామని చెప్పండి. సున్నపు గుంత నెల ముందే తవ్వించండి. పలకలు కొట్టే ఆడవాళ్ళు తమిళం పక్క ఇంకా ఉన్నారు, వయసులో ఉన్న పిల్లలను వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. అందరికీ రోజుకూలి ఇవ్వండి, పూర్తి కూలి, 'నేర్చుకుంటున్నారు కదా' అని కోసే కూలి కాదు. పిలవాల్సిందెవర్ని? గుడి కమిటీలను, పంచాయతీ ఇంజినీర్లను, పాత ఇల్లు కూలగొట్టాలా వద్దా అని ఊగిసలాడే ఆసాములను. వాళ్ళు రాకపోతే భోజనాలు పెట్టండి, వస్తారు. ముళబాగిలు దోసెలు పోయించండి, కలెక్టరు కూడా వస్తాడు.

ఆ బెంగళూరు మేళాలో నాకు నచ్చిన మనిషి ఒకే ఒక్కతి, ఆఖరి స్టాలులో కూర్చున్న బంగారుపేట పిల్ల. ఆర్కిటెక్చరు చదివిందంట. నాకు ఆమె చదువు కాదు, చేతులు నచ్చినాయి. సున్నం తిన్న గోళ్ళు, వేళ్ళ సందుల్లో తెల్లటి పగుళ్ళు. కొబ్బరినూనె రాసుకోమ్మా అంటే, "రాస్తాండా తాతా, ఆగడంలేదు" అంది. నెంబరు తీసుకుంది. మొన్న ఫోను చేసింది. కోలారు కోటలో ఒక పాత ఇంటాయన ఇంటి గోడలకు సున్నపు పూత కావాలన్నాడంట, ఇంట్లో పెళ్ళి, పది రోజుల్లో అయిపోవాలంట.

"పది రోజుల్లో సున్నం నానను కూడా నానదు" అన్నా.

"పుట్టీ పూసేస్తామంటాండారు తాతా, వేరేవాళ్ళు."

"పూయనీ. పెళ్ళయినాక నాలుగు వానలకు అది పెచ్చులు లేస్తుంది, అప్పుడు నీ దగ్గరికే వస్తాడు. పోనీ పక్క గదులు వదిలేసి ఒక్క హాలు చేసుకోమను, నెల గడువు అడుగు. మనుషులెందరు?"

"నేను, ఇంకొక అక్క. మేస్త్రి ఒకాయన ఉండాడు, డెబ్భై ఏళ్ళు."

"కూలి ఎంత ఇస్తానన్నాడు?"

పిల్ల మాట్లాడలేదు. కూలి అడగలేదంట! ఫొటోలు పెట్టుకోవచ్చన్నాడంట.

"ముందు కూలి మాట్లాడు. బయానా చేతిలో పడేదాకా గుంత తవ్వొద్దు. ఆ మేస్త్రికి టీ, టిఫిను వేరేగా రాయించు. కరక్కాయ ఇంటాయన ఖర్చు, బెల్లం ఇంటాయన ఖర్చు. బెల్లం నల్లదే తెమ్మను, తెల్లటిది తెస్తే వెనక్కి పంపు."